కందిబేడలు ఉడకబెట్టి కొన్న ఇల్లు

మా ఇంటిని ఊళ్ళో పెద్దమిద్దె అనేవాళ్ళు. మా వైపు ఇళ్ళన్నీ మిద్దెలే. రాతిగోడలు, కొయ్యదూలాలు, పైన మందంగా పరిచిన చౌడుమన్ను. అన్నీ మిద్దెలే ఉన్న ఊళ్ళో ఒకదాన్ని మాత్రం పెద్దమిద్దె అన్నారంటే దాని గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. మా వంశంలో గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. ఊరివాళ్ళు చెప్పేవాళ్ళు, మేము కాదనేవాళ్ళం కాదు.

ఇనాములు పోయాయి. వాటి వెనకే వానలు పోయాయి. ఆ తర్వాత మా నాయన పోయారు. అమ్మ, నేను, నా భార్య, ఆ ఇల్లు మిగిలాం. మిద్దె మీద ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలించాలి, లేకపోతే కారుతుంది. మేము చాలా ఏళ్ళు తోలించలేదు. అయితే వానలే లేవు కనక మా మిద్దె కారుతుందన్న సంగతి ఎవరికీ తెలియలేదు. కరువు మాకు చేసిన మేలు అదొక్కటే. యాభైల చివర ఒక ఏడు ఆశ్వయుజంలో వారంపాటు ముసురు పట్టింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి సంతోషంగా తడిసింది. మేము ఇంట్లోనే ఉండి తడిశాం.

"ఇంగ ఈ ఇంటిని మనం మోయల్యాం" అంది నా భార్య, నట్టింట్లో చినుకులు పడే చోటల్లా గిన్నెలు సర్దుతూ.

అమ్మ చినుకు పడని చోటుకోసం తన మంచాన్ని మూడు మూలలకు జరిపించింది. చివరికి, "అమ్మేదనే మాట నా చెవిన పడగూడదు. యోగ్యుడైనోడు అడిగితే ఇచ్చేద్దాం" అంది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరమూ ఇల్లు అమ్ముతున్నాం అనలేదు. ఇస్తున్నాం అనేవాళ్ళం.

ఇవ్వడానికి ముందు ఆ ఇంటి బావి గురించి చెప్పాలి. మా ఊళ్ళో ఎవరు ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. మా పెరట్లో బావి ఒక్కటే తీపి. మా తాత పెరటిగోడకు కన్నం పెట్టించి, రాతికాలువ వేయించి, వెనక సందులో పెద్ద రాతితొట్టి కట్టించాడు. పొద్దున్నే మా జీతగాడు గిలక మీద నీళ్ళు చేది కాలువలో పోస్తే గోడవతల తొట్టి నిండేది. కావలసినవాళ్ళు వచ్చి ముంచుకుపోయేవాళ్ళు.

దానికి తాత ఒక నియమం పెట్టాడు. ఇచ్చే ఇంటివాళ్ళు తీసుకునేవాళ్ళ మొహం చూడకూడదు. చూస్తే రేపు బజారులో ఎదురుపడ్డప్పుడు వాళ్ళు తల దించుకోవాల్సి వస్తుంది. అందుకే సందువైపు గోడకు కిటికీ లేదు. మా ఇంటివాళ్ళు ఆ సందులో అడుగు పెట్టరు. ఎవరు వస్తారు, ఎన్ని కడవలు తీసుకుపోతారు అని జీతగాణ్ణి కూడా అడగరు. నా భార్య కాపురానికి వచ్చిన కొత్తలో ఈ నియమం విని, "మొహం చూడగూడదని కాదులే. చూస్తే పలకరించాల్సొస్తాదని" అంది. ఆమె పుట్టిల్లు మడకశిర పక్క. అక్కడివాళ్ళు తెలుగులో అనాల్సింది తెలుగులో అని, మిగిలింది కన్నడంలో అనేస్తారు. మనసులో ఏమీ దాచుకోరు.

జీతగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయాక కూడా తొట్టి మాత్రం ఎండలేదు. ఆఖరి రెండేళ్ళు నేనే చేది పోశాను. అది ఎవరికీ తెలిసే వీల్లేదు, మధ్యలో గోడ ఉంది. తాత నియమం ఇలా కూడా అక్కరకొచ్చింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇళ్ళు అమ్మిపెట్టేవాళ్ళంటూ లేరు. సంతలో ఎద్దుల దళారి ఒకడుండేవాడు. కబురు పెడితే వచ్చాడు. ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, పడసాలలో స్తంభాన్ని అరచేత్తో చరిచి, దూలాల వైపు చూసి నాలుక చప్పరించాడు.

"కాళ్ళు గట్టివే సామీ. రవ్వంత నడుము కుంగినాది. వయసైంది గదా."

"అది ఎద్దు కాదప్పా" అన్నాను.

"ఎద్దయితే చింత ఏముండాది సామీ, ఈ పొద్దే సంతకు తోలుకుపోతాంటి. ఇది కదల్ల్యాకపాయె, కొనేటోన్ని ఈడికే తోలుకురావల్ల."

తోలుకువచ్చాడు. వచ్చినవాడు చెనిక్కాయల, అంటే వేరుశనగల, వ్యాపారి. నెత్తిన గంపతో మొదలుపెట్టి, అప్పటికి కాయలొలిచే మిషను పెట్టేదాకా వచ్చినవాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అతను మా స్తంభాల చెక్కడం చూడలేదు. సింహద్వారం చూడలేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి, బావిలోకి తొంగిచూసి, చేద వేసి, దోసిలితో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "సరే" అన్నాడు. మూడు తరాలవాళ్ళు కట్టిన ఇంటిని ఒక్క గుక్కలో చూడటం ముగించాడు.

సంతలో బేరం తువ్వాలు కింద జరుగుతుంది. ఇద్దరూ చేతులు తువ్వాలు కింద పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. దళారి అలవాటు ప్రకారం మా ఇద్దరి మధ్యా తువ్వాలు పరిచాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మా ఇంటి పడసాలలో ఒకరు నా వేళ్ళు పట్టుకుని లాగడమేమిటి? దళారి చూశాడు, చూశాడు, ఇక లాభం లేదని ఆ చివర వ్యాపారి వేళ్ళు పట్టుకుని, తువ్వాలు భుజాన వేసుకుని ఈ చివరకు వచ్చి నా చెవిలో చెప్పి, మళ్ళీ ఆ చివరకు పోయాడు. మా పడసాల ఎంత పొడుగో ఆ రోజు అతనికి బాగా తెలిసింది. బేరం తెగేసరికి చెమట తుడుచుకోవడానికి ఆ తువ్వాలే పనికొచ్చింది.

అప్పుడు అమ్మ తలుపు చాటునుంచి అంది. "ఇదో అప్పా, ఇల్లు నీదైనా సందులో తొట్టి మూయగూడదు. పొద్దు పొడిచేసరికి నిండల్ల. మా మామ పెట్టిన ధర్మం అది."

"నేను మూస్తానా అమ్మా? మా యమ్మ కడవ సంకన బెట్టుకోని ఆ తొట్టికాడికి వస్తాంటే, ఆయమ్మ కొంగు పట్టుకోని నేనూ వస్తాంటి. ఆ నీళ్ళతో పెరిగినోన్నే నేను."

"అట్లనా! మాకు తెలీదే" అంది అమ్మ.

"మీరు చూస్తే గదా తెలిసేది!"

మాట మాత్రం ఇచ్చాడు. బయానా ఇచ్చేదాకా అతను నన్ను "సామీ" అన్నాడు. ఇచ్చాక వెళ్తూ వెళ్తూ "వస్తానన్నా" అన్నాడు. నేను గమనించనట్టు ఉన్నాను. వైశాఖంలో మూఢం వస్తుంది కాబట్టి దానికి ముందే పాలు పొంగించుకోవాలని అతని తొందర.

మా తొందర వేరు. మా వంశంలో బాడుగ ఇంట్లో పడుకున్నవాడు లేడు. అంటే, ఏ పొద్దున ఈ ఇల్లు వదులుతామో ఆ పూటే సొంత ఇంట్లో దిగాలి. చేతిలో ఉన్నదానికి తగిన ఇల్లు మా ఊళ్ళోనే దొరకాలి. అన్నిటికీ మించి ఆ ఇంటి నీళ్ళకు పప్పు ఉడకాలి.

ఈ చివరిది అమ్మ షరతు. అమ్మకు అప్పటికి ఒక్క పన్నూ మిగల్లేదు. రెండు పూటలా ఆమె తిండి ఒక్కటే, జారుగా వండిన అన్నంలో వెన్నలా ఎనిపిన కందిపప్పు. "ఇల్లు చిన్నదైనా సర్దుకుంటా. బేడలు ఉడకని ఇంట్లో నేనేం తిని బతకల్ల?" అంది. అడిగిన మాటలో తప్పు లేదు. ఏ ఇల్లు చూడబోయినా కొంగున గుప్పెడు కందిబేడలు ముడివేసుకుని వచ్చేది. గోడలూ దూలాలూ నాకు వదిలేసి, వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని, "రవ్వన్ని నీళ్ళు పోయమ్మా" అని బేడలు పెట్టేది.

బస్సులు ఆగేచోట ఒక ఇల్లు చూశాం. పొయ్యి దగ్గర కట్టెలు అయిపోయాయి, బేడలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇంకో ఇంట్లో అమ్మ ఒక బేడను వేళ్ళ మధ్య నలిపిచూసి పెదవి విరిస్తే ఆ ఇంటావిడకు కోపం వచ్చింది. "మేమంతా రాళ్ళు తిని బతుకుతాండామా ఏంది?" అంది. మేము మర్యాదగా లేచి వచ్చేశాం.

మూడోది కింది వీధిలో అయ్యవారి ఇల్లు. ఆయన బడిలో నాకు కూడా పాఠాలు చెప్పినవాడు. ఉద్యోగం అయిపోయి కొడుకు దగ్గరికి హిందూపురం వెళ్ళిపోతున్నాడు. ఇల్లు చిన్నదే కానీ గోడలకు సున్నం తెల్లగా ఉంది, మిద్దె మీద చౌడు ఏటికేడు తోలించినట్టు తెలుస్తూనే ఉంది. ఆయన భార్య అయ్యవారమ్మ అమ్మను చూసి పీట వేసింది. తన వంటింటి కడవలోంచి నీళ్ళు ముంచి గిన్నెలో పోసింది. బేడలు పడ్డాయి. మేము వాకిట్లో కూర్చుని మజ్జిగ తాగేలోగా లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది.

"కరిగిపోయినాయి రా! అచ్చం మన నీళ్ళే!"

"మరి కాదా అక్కా" అంది అయ్యవారమ్మ నవ్వుతూ.

నేను పెరట్లోకి వెళ్ళి బావిలోకి చూశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఊళ్ళో మా బావి ఒక్కటే తీపి అనేది ఊరివాళ్ళ మాటే, మేము ఇంకొకరి బావి రుచి చూసినవాళ్ళం కాదు. నా భార్య, "రవ్వంత తాగి చూద్దామా?" అంది. నేను ఆమెవైపు ఒక చూపు చూశాను. అడగకుండా ఒకరి బావిలో చేద వేయడం మా ఇంటివాళ్ళు చేసే పని కాదు. ఆమె చేద కింద పెట్టింది. ఆ చేద కింద పెట్టించిన సంగతి ఆమె నాకు తర్వాత చాలాసార్లు గుర్తుచేసింది.

అనుకున్న రోజు వచ్చింది. తెల్లవారేసరికి వ్యాపారి బండ్లు మా సింహద్వారం ముందు వరసగా నిలబడ్డాయి. వాటినిండా చెనిక్కాయల మూటలు. పాల చెంబుకంటే మూటలే ముందు లోపలికి పోయాయి. మా సామానంతా రెండు బండ్లకెక్కింది. ముందురోజే కాగితాల పని రెండు వైపులా అయిపోయింది కనక ఆ ఇల్లు మాది కాదు, అయ్యవారి ఇల్లు మాది. అయ్యవారి వాకిట్లోకి వెళ్ళి చూస్తే ఆయన బండి ఖాళీగా ఉంది. ఎద్దులు తీరిగ్గా గడ్డి తింటున్నాయి.

"మా బండ్లు బజార్లో నిలబడినాయి అయ్యవారూ. మీరెప్పుడు బయలుదేరేది?" అన్నాను.

"ఏం చేయమంటావు నాయనా? ఆమె చుక్కెదురంటాండాది. పొద్దు తిరిగితే గానీ గడప దాటదంట."

"చుక్కెదురు కొత్త పెండ్లికూతుర్లకు గదా అయ్యవారూ?"

ఆయన ఒకసారి లోపలికి చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట నువ్వే చెప్పు పో."

లోపల అయ్యవారమ్మ ఖాళీ వంటింట్లో గడపకు పసుపు రాస్తోంది. వెళ్ళిపోయే ఇంటి గడపకు. నేను ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చాను.

అలా మా సంసారం పొద్దెక్కేదాకా నడివీధిలో నిలబడింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా నాయన కుర్చీ సింహాసనంలా ఉండేది. బండిమీద తలకిందులుగా ఎక్కించాక దాని ఒక కాలికి దారం చుట్టి ఉందని ఊరంతా చూసింది. నేను బండి పక్కన నిటారుగా నిలబడ్డాను. దారినపోయే ప్రతివాడూ ఆగి, "ఏం సామీ, యాడికో ప్రయాణం?" అన్నాడు. తెలిసి అడిగేవాళ్ళకు తెలియనట్టు జవాబు చెప్పడం మామూలు పని కాదు.

దళారి తన కమీషను కోసం అక్కడే తిరుగుతున్నాడు. "అట్ల నిలబడొద్దు సామీ. పొద్దెక్కినా అమ్ముడుపోని ఎద్దు మాదిరి అగపడతాండారు. ఆ చెట్టుకింద కూర్చోండి."

నేను కూర్చోలేదు.

చివరికి అమ్మే ఒక ఉపాయం చెప్పింది. ఇల్లు వదిలిపోయేవాళ్ళు ఆకలితో పోకూడదు. కాబట్టి మనం ఇప్పుడే దిగి, పాలు పొంగించి, అందరికీ వండుదాం, అయ్యవారి వాళ్ళు తిని బయలుదేరుతారు. ఆ మాటకు అయ్యవారు బతికిపోయినట్టు ముఖం పెట్టాడు. సామాను దించాం. పాలు పొంగాయి. అయ్యవారి కడవలన్నీ మూటల్లోకి వెళ్ళిపోయాయి కనక నా భార్య పెరటి బావిలో నీళ్ళు చేది అన్నానికి ఎసరు పెట్టి, పెద్ద గిన్నెలో కందిబేడలు వేసింది.

అన్నం అయింది. ఊరిబిండి పచ్చడి నూరడం అయింది. విస్తళ్ళు కడగడం అయింది. అయ్యవారు, దళారి, బండ్లవాళ్ళు వరసగా కూర్చుని తమ ముందున్న విస్తళ్ళలోకి చూస్తున్నారు.

"ఉడికినాయా?" అంది అమ్మ.

"నీళ్ళయితే ఉడుకుతాండాయి అత్తా" అంది నా భార్య. "బేడలు ఊరికే మునుగుతా తేలుతా ఉండాయి."

ఇంకా కట్టెలు పెట్టారు. అమ్మ వెళ్ళి తానే ఊదుగొట్టంతో ఊదింది. దళారి ఆకులో ఉప్పు నాకడం మొదలుపెట్టాడు. ఆలస్యం ఏమిటా అని అయ్యవారమ్మ వంటింట్లోకి తొంగిచూసింది. గిన్నె చూసింది. పక్కన చేద చూసింది.

"ఏ నీళ్ళు పోసినావు తల్లీ?"

"ఈ బాయివే."

"అయ్యో నా తల్లీ! ఈ బాయి నీళ్ళతో పప్పేంది! ఇవి కాళ్ళు కడుక్కునేదానికి, వాకిట్లో చల్లుకునేదానికి గదా!"

అమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. "మరి ఆ పొద్దు వెన్న మాదిరి ఉడికినాయే?"

"అవి మీ తొట్టి నీళ్ళు గదక్కా! ఈ ఇల్లు కట్టినప్పుటినుంచీ మేము తాగేది అవే గదా. ఇంటికొచ్చినోళ్ళకు ఉప్పునీళ్ళు పోస్తానా? అచ్చం మన నీళ్ళే అంటివి. గుర్తు పట్టినావనుకుంటి!"

ఆమె తప్పేమీ లేదు. గడపలోకి వచ్చిన మనిషికి ఇంట్లో ఉన్న మంచినీళ్ళు పోసింది. అమ్మ తప్పూ లేదు. ఇవి ఏ బావి నీళ్ళని అడిగితే ఆ ఇంటిని అనుమానించినట్టవుతుంది. నలభై ఏళ్ళుగా ఎవరు తాగుతున్నారో చూడకుండా నీళ్ళు ఇచ్చిన వంశం మాది. మా నీళ్ళు మాకే పోసినా మేము చూడలేదు.

దళారి ఒక్కడే తట్టుకోలేకపోయాడు. "ఎన్ని సంతలు చూసినా సామీ, ఇట్లాటి బేరం చూళ్ళేదు. మీ ఆవు పాలే మీరు తాగి, శానా బాగుండాయని పక్కింటి ఆవును కొన్యారు!"

ఆ పూట అందరం ఊరిబిండితో తిన్నాం. అమ్మ మజ్జిగ తాగింది. అయ్యవారమ్మ బండి ఎక్కేటప్పుడు అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఇల్లు విడిచినందుకు ఎంత, పప్పు ఉడకనందుకు ఎంత అన్నది చెప్పలేను.

ఆ సాయంత్రం నా భార్య ఇత్తడి బిందె తోముతూ ఉంటే అమ్మ అడిగింది. "ఎందుకే అది?"

"రేపు తొట్టికాడికి పోయొస్తా."

"మన ఇంటి బిందె ఆ తొట్టికాడ కనపడగూడదు" అంది అమ్మ.

"కనపడగూడదు" అన్నాను నేను కూడా. ఇచ్చినచోట చెయ్యి చాచడం మా తాత కలలో కూడా ఊహించి ఉండడు.

నా భార్య మమ్మల్నిద్దర్నీ కాసేపు చూసి బిందె బోర్లించింది. "సరే. తల్లీకొడుకులిద్దరూ మజ్జిగ తాగండి. నాకు నోట్లో పండ్లుండాయి, నేను సంగటి తింటా."

బేడలు రాత్రంతా నానబెట్టి చూశాం. సోడా ఉప్పు వేసి చూశాం. దాంతో ఉడికాయి గానీ అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది చాకలి బాన మాదిరి ఉండాది" అని ఉమ్మేసింది. రెండు పూటలా మజ్జిగన్నమే. వారం తిరిగేసరికి ఆమె గాజులు మోచేతిదాకా జారడం మొదలుపెట్టాయి. పైకి మాత్రం, "నాకేమైంది, తేలిగ్గా ఉండాది" అనేది. నేను కూడా అలాగే అనేవాణ్ణి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అనేవాళ్ళం. ముందుకు ఎలా గడుస్తుందో నాకు తెలియలేదు. తొట్టి దగ్గరికి పోతే మా వంశం పరువు పోతుంది. పోకపోతే అమ్మ చిక్కి చిక్కి మంచాన పడుతుంది.

ఇది చాలదన్నట్టు ఒకరోజు పెద్దమిద్దె వైపునుంచి సుత్తెల చప్పుడు వినిపించింది. దళారి దారినపోతూ చెప్పాడు. వ్యాపారి సందువైపు గోడ పగలగొట్టించి కిటికీ పెట్టిస్తున్నాడట. గాలి రావడం లేదట.

"తాత గోడ పగలగొట్టినాడా!" అన్నాను.

"ఇప్పుడు ఆయప్ప గోడ గదా సామీ" అన్నాడు దళారి.

ఇక ఆ దారి కూడా మూసుకుపోయిందనుకున్నాను. ఇంతకుముందు ఎవరైనా చాటుగా వెళ్ళి ముంచుకురావచ్చు, గోడ కాపాడేది. ఇప్పుడు కిటికీలో ఆ పెద్ద గొంతుమనిషి కూర్చుని ఉంటాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున లేచేసరికి అమ్మ మంచం ఖాళీగా ఉంది. ఇత్తడి బిందె కూడా లేదు. నా భార్య వాకిట్లో ముగ్గు పెడుతూ తల ఎత్తలేదు.

"అమ్మ ఏది?"

"నేను ముగ్గు చూసుకుంటాండా. మీ ఇంట్లో ఎవురి మొహమూ చూడగూడదు గదా."

పై పంచె వేసుకుని బయలుదేరాను. పెద్దమిద్దె వెనక సందులోకి నా జీవితంలో అదే మొదటిసారి అడుగు పెట్టడం. మలుపు దగ్గరే ఆగిపోయాను. అమ్మ తొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. చుట్టూ కడవలతో ఆడవాళ్ళు. కొత్త కిటికీలో, చేతిలో వేపపుల్లతో వ్యాపారి.

"నువ్వెవురి కోడలివే?" అంటోంది అమ్మ ఒకామెను.

"గాజులాయన కోడల్ని అవ్వా."

"ఎన్నేండ్లనుంచి తీసుకుపోతాండావు?"

"కాపురానికొచ్చినప్పుటినుంచి."

"ఈ సంకలో పిల్లోడు నీ కొడుకేనా? ఏమి పుష్టిగా ఉండాడే! మా నీళ్ళు గదా మరి" అని అమ్మ ఆ పిల్లవాడి గడ్డం పుణికి, కిటికీ వైపు తిరిగింది. "ఇదో అప్పా, ఆ మూల పాచి పట్టినాది, అగపడల్యా నీకు? పీచు పెట్టి రుద్దించు. మా దినాల్లో ఇట్ల లేదు."

"మీ దినాల్లో ఇంగా ఎక్కువుండె అమ్మా" అన్నాడు అతను. "మీరు చూళ్ళేదు గాబట్టి తెలీదు."

ఆడవాళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. బోసినోరు బాహాటంగా తెరిచి, వీధిలో, పరాయి మగవాడి కిటికీ ముందు. నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కిటికీలోంచి అతను నన్ను చూడనే చూశాడు.

"ఏమప్పా! ఈ సందులోకి దావ తెలిసినాదా?"

సామీ పోయింది, అన్నా పోయింది. అప్పాకు దిగాం. నేను గొంతు సవరించుకున్నాను. అతను వెంటనే చేతిలో వేపపుల్లతో నన్ను ఆడవాళ్ళకు చూపించాడు.

"ఇదే! ఇదే గొంతు! రెండేండ్లు గోడవతల ఇదే ఇనపడతాండె. జీతగాడైతే పాట పాడతా చేదుతాండె. నువ్వు గొంతు సవరించుకుంటా చేదుతాంటివి గదప్పా!"

"నీకు తెలుసా?" అన్నాను.

"నాకేంది, సందంతా తెలుసు. పొద్దన్నే ఆయప్ప చేతులు బొబ్బలెక్కుతాయని మా యమ్మ ఒక కడవ తక్కువే తీసుకుపోతాండె."

"మరి ఎవరూ ఎప్పుడూ అనలేదే?"

"మీరు మా మొహం చూడగూడదంటిరి. సరే, మేమూ మీ మొహం చూడగూడదనుకుంటిమి" అన్నాడు, చాలా మామూలుగా. "ఇంగ ఆ బిందె ఎత్తుకో. మీ యమ్మ మోయల్యాదు."

ఆ గోడ మా వైపునుంచి మాత్రమే కట్టారని అంతదాకా అనుకున్నాను.

గాజులాయన కోడలు పిల్లవాణ్ణి అమ్మ ఒళ్ళో పెట్టి, బిందె ముంచి నా భుజం మీదికెత్తింది. "నడుము వంచొద్దు సామీ. వంచితే నీళ్ళు తొణుకుతాయి" అంది. ఆ విషయంలో నాకు ఒకరు నేర్పాల్సింది లేదు. సందు దాటి, బజారు దాటి, కింది వీధిదాకా నిటారుగానే నడిచాను. దారిలో ఎవరూ యాడికి ప్రయాణమని అడగలేదు. అమ్మ వెనక వస్తూ ప్రతి గడప దగ్గరా ఆగి, "మీరూ మా తొట్టి వాళ్ళేనా?" అని విచారించింది.

ఇంటికి వచ్చేసరికి నా భార్య బేడలు చెరిగి, పొయ్యి రాజేసి, ఖాళీ గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. బిందె దించడానికి చేయి అందించింది. మడకశిర మనిషి అయినా ఆ పొద్దు ఒక్క మాట కూడా అనలేదు.